అనువాదములో రబ్బీల కథలు



హైదరాబాదు పాతబస్తీలో, మూసీనదికి దక్షిణపు గట్టున, దారుల్‌షిఫా ప్రాంతమున సాలార్‌జంగు మ్యూజియము కలదు. పట్నము వచ్చిన మన గ్రామస్థులు చార్మినారును, మక్కా మసీదును చూచిన పిదప అక్కడికి పోయి, గంట గంటకు బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టెడి గడియారము నెదుట కూర్చుండుట పరిపాటి. ఆ భవనములోనే పాలరాతి స్త్రీ విగ్రహ మొకటి యున్నది. ఆమె ముఖముమీద ముసుగు కలదు. ముసుగును రాయే, ముఖమును రాయే. అయినను సన్నని వస్త్రము చాటున కన్నులు, ముక్కు, పెదవులు కానవచ్చినట్లు చెక్కబడినది. చెక్కినవాడు ఇటలీదేశపు శిల్పి బెంజోని. మొదటి సాలార్‌జంగు 1876లో ఐరోపా యాత్ర చేసినపుడు రోము నగరములో దానిని కొనెను. 1951లో దివాన్ దేవిడీయందు తెరువబడిన మ్యూజియము 1968లో ఇప్పటి భవనమునకు మారినది. ఆ విగ్రహము నేటికిని అందలి ముఖ్యమైన ఆకర్షణములలో నొకటి.

నేను పాతబస్తీవాడను. బంధువులు వచ్చినప్పుడెల్ల వారిని వెంటబెట్టుకొని పోయి ఆ విగ్రహమును చూపుచుందును. అందఱును శిల్పి చేతిపనిని మెచ్చుకొందురు. ఈమె యెవరు, ముసుగేల వేసికొనెను అని అడుగువారు అరుదు. ఒక పెద్దమనిషి మాత్రము, పాతబస్తీలో నున్నది గనుక ఘోషా స్త్రీ కాబోలు ననెను. ఆ మాటకు నేను నవ్వలేదు. పరాయివారి కథను మన వీథిలోని వస్త్రముతో కొలుచుట మనుష్య స్వభావము. నేటి నా ప్రసంగ విషయ మదియే.

ఆమె పేరు రెబెక్కా. మన తెలుగు బైబిలులో రిబ్కా యందురు. ఆదికాండము ఇరువదినాలుగవ అధ్యాయములో ఆమె కథ యున్నది. వృద్ధుడైన అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకునకు పిల్లను వెదకుటకై నమ్మకమైన సేవకుని పది ఒంటెలతో స్వదేశమునకు పంపెను. సేవకుడు సాయంకాలమున ఊరి వెలుపల బావికడ నిలిచి, ఏ కన్య తనకు నీళ్లిచ్చి ఒంటెలకును నీళ్లు పోయుదు ననునో ఆమెయే వధువని గుర్తు పెట్టుకొనెను. రిబ్కా వచ్చి అట్లే చేసెను. పెండ్లి నిశ్చయమయ్యెను. ఆమె ఒంటె నెక్కి బయలుదేఱి, దూరమున పొలములో నడచివచ్చు ఇస్సాకును చూచి, అతడే వరుడని తెలిసికొని, అప్పుడు ముసుగు వేసికొనెను. ప్రయాణమంతయు సేవకులయెదుట లేని ముసుగు వరుని చూచిన క్షణమున వచ్చినది. బెంజోని చెక్కినది ఆ క్షణమును.

ఇది మూలకథ. దీనిమీద యూదుల గురువులు, అనగా రబ్బీలు, వేఱు కథలు చెప్పిరి. అట్టి వ్యాఖ్యాన కథలకు మిద్రాషు అని పేరు. ఆ మాటకు వెదకుట, విచారించుట అని ధాత్వర్థము. ఆదికాండముమీద చెప్పిన మిద్రాషులు సుమారు క్రీస్తుశకము అయిదవ శతాబ్దమున పాలస్తీనాలో ఒక గ్రంథముగా కూర్పబడినవి. బాబిలోను దేశపు పాఠశాలల వాదములు, కథలు తాల్ముదు అను మహాగ్రంథమున చేరినవి. మూలము హీబ్రూ, అరమేయికు భాషలలో నున్నది. మనకు ఎక్కువగా ఆంగ్లము మీదుగా వచ్చుచున్నవి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గఱ కొత్తరెడ్డిపాలెములో యూదాచారమును పాటించు తెలుగువారి చిన్న సమాజమున్నది. వారి ప్రార్థనామందిరము 1991లో వెలసినది. కావున ఈ కథలు తెలుగునాటికి కేవలము దూరదేశపు వింతలు కావు.

ఇక బావికడకు రండు. రిబ్కా బావికి దిగినంతనే నీళ్లు ఆమెను చూచి తామే పైకి లేచి వచ్చెనని రబ్బీలు చెప్పిరి. ఇంతమాత్రమే ఆంగ్లములో చదివినవాడు, సరే, మహిమ చూపుటకై కల్పించిన ముచ్చట యని పుట త్రిప్పును. కాని వారు దానిని గాలిలోనుండి తీయలేదు. మూలములో మొదటిసారి ఆమె బావికి దిగి కడవ నింపుకొని పైకి వచ్చెనని మాత్రమే యున్నది. నీళ్లు చేదెనని లేదు. ఒంటెల కొఱకు రెండవసారి పోయినప్పుడు చేదెనను క్రియ వచ్చినది. ఒక చోట నున్న మాట మఱియొక చోట ఏల లేదు? పదమూడవ శతాబ్దపు స్పెయిను దేశస్థుడు నహ్మనీదు అను వ్యాఖ్యాత ఈ భేదమును విప్పి చూపెను. పదునొకండవ శతాబ్దమున ఫ్రాన్సుదేశములో నుండిన రాషి మఱొక ప్రశ్న పట్టుకొనెను: సేవకుడు ఆమెకెదురుగా పరుగెత్తెనని యున్నది, ముసలి నౌకరు పరుగెత్తుటకు ఏమి చూచెను? నీళ్లు లేచుట చూచెనని ఆయన సమాధానము.

ఈ భేదమును మీవంటివారు పట్నవాసులకంటె బాగుగా నెఱుగుదురు. చేదబావికడ త్రాడువేసి నీళ్లు చేదుదుము. దిగుడుబావిలో మెట్లు దిగి కడవ ముంచుకొందుము. రెండింటికి రెండు మాటలు మనకున్నవి. కథగా చెప్పు అనువాదకుడు రెండు చోట్లను నీళ్లు తెచ్చెనని వ్రాసినయెడల రబ్బీల కథకు వేరు తెగిపోవును. చెట్టు మాత్రము మన చేతికి వచ్చును.

ఇంకొక మాట. దప్పిగొన్న ఒంటె ఒక్కసారికి నూఱు లీటర్ల దాక నీరు త్రాగగలదందురు. ఒంటెలు పది. ఆ పిల్ల ఎన్ని కడవలు మోసెనో నీళ్లు మోసిన ఇల్లాండ్రే లెక్క చెప్పవలెను. తరువాతి గురువులలో కొందఱు ఇక్కడ నిలిచి ఆలోచించిరి: తన కడవకై లేచిన నీళ్లు ఒంటెల కొఱకేల లేవలేదు? తన అవసరమునకు మహిమ వచ్చిన రావచ్చును గాని, పరోపకారము తన రెక్కలతోనే చేయవలెనని ఆమె చేదెనని వారి భావము. ఒక క్రియాపదము లేకపోవుటలో పుట్టిన కథ మఱియొక క్రియాపదము ఉండుటతో ఇంత లోతునకు పోయినది.

గుడారము కథ ఇంతకంటెను చక్కనిది. శారా జీవించియున్నంత కాలము ఆమె గుడారములో దీపము ఒక శుక్రవారపు సంధ్యనుండి మఱుసటి శుక్రవారపు సంధ్య వఱకు ఆఱకుండెడిదట. పిండిలో వృద్ధి యుండెడిదట. ద్వారముమీద మేఘము నిలిచెడిదట. ఆమె చనిపోగా అవి యన్నియు పోయినవి. రిబ్కా ఆ గుడారములో అడుగుపెట్టగనే తిరిగి వచ్చినవి. కోడలు గృహప్రవేశము చేసిన యింట అత్తగారి దీపము మరల వెలిగినదని విన్న తెలుగువారికి వ్యాఖ్యానమక్కఱలేదు. అయినను మూలములోని ప్రశ్న యేది? ఇస్సాకు ఆమెను తన తల్లి శారా గుడారములోనికి తీసికొనిపోయెనని అనువాదములు చక్కగా చెప్పును. హీబ్రూ వాక్యమంత చక్కగా లేదు. అందు గుడారము, శారా, తన తల్లి అను మాటలు అతుకులేకుండ ప్రక్కప్రక్కన పడియున్నవి. విభక్తి సరిగా కుదురదు. గుడారములోనికి తెచ్చెను, ఇదిగో తల్లి శారా, అనియు చదువవచ్చును. లోపలికి వచ్చినది రిబ్కా, కనబడినది శారా. ఎట్లు? దీపమువలన, పిండివలన, మేఘమువలన.

అనువాదకుడు వ్యాకరణము తెలిసినవాడు గనుక వాక్యమును సరిచేయును. దోషము కాదు, అది అతని ధర్మము. కాని రబ్బీల కథ ఆ సరిగాలేని చోటనుండియే బయటికి వచ్చినది. గోడ నున్నగా పూసినవారిని నిందింపలేము గాని, పగులులో మొలచిన మొక్క మాత్రము కనబడదు.

ముసుగునకు కూడ ఇట్టి చరిత్రయే కలదు. మూలములో ఆ ముసుగు మాట ఇద్దఱు స్త్రీల విషయముననే వచ్చును. ఒకరు రిబ్కా, రెండవవారు యూదా కోడలైన తామారు. ఇద్దఱును ముసుగు వేసిరి, ఇద్దఱును కవలలను కనిరి అని రబ్బీలు జోడించిరి. ఒకచోట ముసుగనియు మఱొకచోట మేలిముసుగనియు వ్రాసిన అనువాదములో ఆ జోడు విడిపోవును. ముసుగునకును కవలలకును ఏమి సంబంధమని చదువరి విసుగుకొనును, విసుగు న్యాయమే.

కావున నేను చెప్పదలచిన దిది. రబ్బీల కథ సాధారణముగా ఒక సమాధానము. ప్రశ్న మూలగ్రంథములోని ఒక మాటయందో, ఒక లోపమునందో దాగియుండును. అనువాదములో సమాధానము వచ్చును గాని ప్రశ్న రాదు. ప్రశ్నలేని సమాధానమును చదివి, ఇది నిజమా అబద్ధమా అని తగవుపడుట వ్యర్థము. ఏ మాటకు ఈ కథ పుట్టినది అని అడిగినవాడు సగము త్రోవ నడచినట్లే.

మనకిది క్రొత్త విద్య కాదు. మెదకు సీమలోని కొలచారమువాడని చెప్పబడు మల్లినాథసూరి కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యానములు వ్రాసి, మూలములో ఆధారము లేనిది వ్రాయనని నియమము పెట్టుకొనెను. మన వ్యాఖ్యాతలు ఒక అర్థము చెప్పి, యద్వా యని రెండవ అర్థము చెప్పుదురు, మొదటిదానిని కొట్టివేయరు. రబ్బీలును అట్లే మఱియొక మాట యని ప్రారంభించి ఇంకొక అర్థమును దానిప్రక్కన నుంచుదురు. పురాణము చెప్పు శాస్త్రులుగారు వ్యాసులవారు ఇక్కడ ఈ విశేషణమేల వాడిరి అని ఆగినప్పుడు రచ్చబండమీద మీరందఱు తల యెత్తి చూచెదరు గదా. వాల్మీకి రామాయణములో లక్ష్మణుడు గీసిన గీత లేదు; అయినను మన యిండ్లలో అది లేని సీతాపహరణము లేదు. ఏది మూలము, ఏది తరువాతి గురువుల మాట అను వివేకముండిన రెండింటిని ప్రేమించుటకు అడ్డులేదు.

ఇప్పుడు పుస్తకముల సంగతి. ఇట్టి కథలను కోరువారు లూయీ గింజ్‌బెర్గు కూర్చిన యూదుల పురాణకథల సంపుటములను చూతురు. అవి 1909 మొదలు 1938 వఱకు ఏడు సంపుటములుగా వెలువడినవి. ఆయన జర్మను భాషలో వ్రాయగా ఆంగ్లమునకు అనువదింపబడినవి. వందల గ్రంథములలోని తునకలను బైబిలు క్రమమున గ్రుచ్చి, సృష్టి మొదలుకొని ఒకే ధారగా నడిపించెను. చదువుటకు హాయిగా నుండును. కాని ఏ కథ ఎవరిది, దానికి విరుద్ధముగా చెప్పినవారెవరు అను సంగతులు కథల సంపుటములలో లేవు. అయిదు, ఆఱు సంపుటముల టిప్పణములలో నున్నవి. మొదటి నాలుగే కొన్నవానికి రబ్బీలందఱు ఏకకంఠముతో ఒక పురాణము చెప్పినట్లు తోచును. వారు వాదించుకొనినంతగా ఎవరును వాదించుకొనలేదు! బియాలిక్, రవ్నిత్స్కి అను ఇద్దఱు 1908-1911 నడుమ ఒడెస్సాలో ప్రకటించిన సంకలనము ఇంకొక రీతిది. వారు అరమేయికు కథలను హీబ్రూలోనికి మార్చిరి. అనగా యూదులకే అనువాదము అవసరమైనది. దాని ఆంగ్లానువాదము 1992లో వచ్చినది.

ఇక కొంచెము చిక్కైన కథ. పాతబస్తీలో బక్రీదు దినములలో ఇబ్రాహీము ప్రవక్త కథ వినని చెవి యుండదు. ఆయన విగ్రహములను పగులగొట్టి పెద్దదానిని మిగిల్చి, అడుగువారితో దానినే అడుగుడనెననియు, ఆయనను అగ్నిలో వేయగా అగ్ని చల్లబడెననియు ఖురానులోని అంబియా అను అధ్యాయమున నున్నది. ఆదికాండములో ఈ కథ లేదు. ఖురానుకు ముందటిదైన రబ్బీల సంకలనములో నిట్టిదే యున్నది. అందు తండ్రి తెరహు విగ్రహముల వ్యాపారి. అబ్రామును అంగడిలో కూర్చుండబెట్టి పోవును. కొనవచ్చిన ముసలివానిని నీ వయసెంత యని పిల్లవాడడిగి, నిన్న చేసిన బొమ్మకు మ్రొక్కెదవా యని సిగ్గుపఱచును. ఒక స్త్రీ పిండి నైవేద్యము తెచ్చును. అతడు బొమ్మలను పగులగొట్టి కఱ్ఱ పెద్ద బొమ్మ చేతిలో పెట్టి, నైవేద్యము నేను ముందు తినెదనని వీరు కొట్లాడుకొనిరని తండ్రితో చెప్పును.

విగ్రహారాధన చేయువాడనగు నాకు ఈ హాస్యము తగులును. తగులలేదని చెప్పుట కపటము. వేమన రాతి మ్రొక్కులను ఎగతాళి చేసినప్పుడును తగులును. అయినను వేమనను మనము ఇంటనుండి వెళ్లగొట్టలేదు. పాతబస్తీలో గోడకు గోడ ఆనుకొని కాపురముండు మాకు ఇట్టి కథను ఎట్లు చదువవలెననునది పుస్తకములలోని ప్రశ్న మాత్రమే కాదు. అందుచేత ఇక్కడను మన నియమమునే పాటింతము: ఏ మాటకు ఈ కథ పుట్టినది?

ఆదికాండములో అబ్రాము సోదరుడగు హారాను తన తండ్రి తెరహు కన్నులయెదుట కల్దీయుల ఊరులో మరణించెనని యొక వాక్యమున్నది. ఎట్లు మరణించెనో లేదు. ఊరు అనగానే మనకు గ్రామమని వినబడును. అది మన భాష. ఆ గ్రంథములో అది ఒక నగరము పేరు. హీబ్రూలో ఆ ధ్వనికే అగ్ని యని అర్థము కలదు. కల్దీయుల అగ్ని! కొడుకు తండ్రియెదుట అగ్నిలో చనిపోయెను. అందుకే నిమ్రోదు రాజు అబ్రామును మంటలో త్రోయించు కథ వచ్చినది. మంట ప్రక్కన హారాను నిలిచియుండెనట. అబ్రాము గెలిచిన అబ్రాము పక్షమనెదను, రాజు గెలిచిన రాజు పక్షమనెదనని అతని ఆలోచన. అబ్రాము బ్రతికి వచ్చెను. హారాను అబ్రాము పక్షమనెను, అతనిని మంటలో వేసిరి, కాలిపోయెను. ప్రహ్లాదుని తలచుకొని చదువు మనకు ఇందు ప్రహ్లాదుడు కనబడును గాని, ఈ హారాను మన కథలో లేడు. రబ్బీల కథ బరువంతయు అతనిమీద నున్నదని నా అభిప్రాయము. బొమ్మల అంగడిని మాత్రమే చెప్పి నిలుపువారు, మెచ్చుకొనువారైనను కోపించువారైనను, సగము కథ చెప్పినవారే.

సగము కథ అన్నప్పుడు హోనీ కథ చెప్పక తీఱదు. వానలు కుఱియనప్పుడు మన గ్రామములలో విరాటపర్వము చదివింతుము గదా. తాల్ముదులో వానలకై చేయు ఉపవాసములను గూర్చిన భాగమొకటి యున్నది. హోనీ కథ అక్కడిదే. ఆయన నేలమీద గిఱి గీచి అందు నిలిచి, వాన కుఱియువఱకు కదలనని దేవునితో మంకుపట్టు పట్టెను. తుంపర పడిన ఇది చాలదనెను. కుండపోతగా పడిన ఇది కోరలేదనెను. తరువాత మంచివాన కుఱిసెను. నీవు హోనీవి గాకపోయిన వెలివేసియుందునని ఆనాటి పెద్ద కబురు పంపెను.

అదే హోనీని గూర్చిన రెండవ కథ చెట్టు నాటిన కథగా లోకమున ప్రసిద్ధము. కరోబు అను చెట్టు, చింతకాయలవలె పొడవైన తీయని కాయలు కాచునది, ఒకడు నాటుచుండగా, ఇది ఎన్నేండ్లకు కాచునని హోనీ అడిగెను. డెబ్బది యేండ్లకు. నీవు అందాక బ్రతికెదవా? తాతలు నాటినవి నాకు దొరికినవి, నేను మనుమలకు నాటుచున్నానని వాడనెను. మనవైపు తాటిచెట్టునుగూర్చి ఇట్లే చెప్పుకొందుము. చెట్లు నాటు ఉత్సవములలో ఇంతవఱకే చెప్పి చప్పట్లు కొట్టుదురు.

కథ అక్కడ ముగియదు, అక్కడ ప్రారంభము కాలేదు కూడ. బాబిలోను చెఱనుండి తిరిగి వచ్చినవారు కలగన్నవారివలె నుండిరని కీర్తనలలో నొక మాటయున్నది. ఆ చెఱ డెబ్బది యేండ్లని లెక్క. డెబ్బది యేండ్లు నిద్రించి కల కనుట సాధ్యమా యని హోనీ జీవితమంతయు బాధపడెనట. అదియే ఈ కథకు ప్రశ్న. చెట్టు నాటువానితో మాటలాడిన పిదప హోనీ భోజనము చేసి నిద్రపోయెను. చుట్టును రాళ్లు లేచి కప్పెను. డెబ్బది యేండ్లు నిద్రించెను. లేచి చూడగా నాటినవాని మనుమడు కాయలు కోయుచుండెను. తన గాడిద మందయై యుండెను. ఇంటికి పోయి నేను హోనీననెను, నమ్మలేదు. పాఠశాలకు పోయెను. అక్కడ విద్యార్థులు, ఈ పాఠము నేడు హోనీ కాలమున తెలిసినంత స్పష్టముగా తెలిసినది, ఆయన వచ్చినయెడల ప్రతి చిక్కును విప్పెడివాడు అని చెప్పుకొనుచుండిరి. నేనే ఆ హోనీననెను. నమ్మలేదు; తగిన మర్యాదయు చేయలేదు. ఆయన మనసు విఱిగి ప్రార్థించి మరణించెను.

మన భాగవతములో ముచుకుందుడును గుహలో యుగములు నిద్రించి లేచెను. వెలుపలికి వచ్చి చూడగా మనుష్యులు, చెట్లు పొట్టివై కలి వచ్చినట్లు తెలిసికొనెను. కాని ముచుకుందుని లేపినప్పుడు శ్రీకృష్ణుడు ఎదుట నుండెను. హోనీని గుర్తుపట్టువాడు లేడు. నిద్రించినవానికి డెబ్బది యేండ్లు కలయే. మేలుకొనియున్నవారికి మాత్రము గాడిదలు ఈనినవి, చెట్లు కాచినవి, పేరు గ్రంథములోనికి పోయినది. ఆయన పేరుమీద అంత గౌరవమున్న ఆ పాఠశాలలోనే ఆయనకు చాప వేసినవాడు లేడు. ఆ దినము విద్యార్థులు స్పష్టముగా తెలిసికొన్న పాఠమేదో తాల్ముదు చెప్పలేదు.